కామా పక్కన సందు

"తాళంచెవి ఇక్కడ పెట్టండి పాక్ వగిరాన్" అన్నాడు ప్రిన్సిపాలు హర్జోనో. ఆ దేశంలో మగవాళ్ళని గౌరవంగా పాక్ అంటారు, ఆడవాళ్ళని బు అంటారు.

వగిరాన్ నడుముకున్న తాడు విప్పాడు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. కొండ కింద ఉన్న ఆ టీచర్ల ట్రైనింగు కాలేజీలో కంప్యూటరు గదికి పందొమ్మిదేళ్ళుగా అతనే కాపలా. ఆ తాళంచెవి ఒరుసుకుని ఒరుసుకుని అతని చొక్కాలన్నిటికీ కుడిపక్కన ఒకే చోట చిరుగు పడేది. ఇప్పుడు నడుము ఆ పక్కన ఖాళీగా తేలిగ్గా ఉంది. ఆ తేలిక అతనికి బాగాలేదు.

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి తెల్లగా, మడత పడకుండా ఉంది. సీలు వేసిన కవరు చింపి అప్పుడే తీశారు. రెండోది నాలుగు మడతలు పడి, మూలన నూనె మరకతో ఉంది. అది నిన్న బుధవారం నాడు పక్క ఊరి బళ్ళో ఒక అమ్మాయి పుస్తకంలో దొరికింది. రెండింటిలోనూ అవే ఇరవై అయిదు లెక్కలు, అదే వరసలో. వచ్చే సోమవారం ఆ చుట్టుపక్కల పద్నాలుగు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రాయాల్సిన పరీక్ష కాగితం అది.

"కవర్ల సీళ్ళు చెక్కుచెదరలేదు. ఒప్పుకుంటాను. కానీ సోమవారం అచ్చు వేసినప్పుడు కాగితాలన్నీ గంటసేపు ప్రింటరు దగ్గర మీ చేతుల్లోనే ఉన్నాయి. కవర్లు పెట్టిన బీరువా తాళం మీ దగ్గరే, గది తాళం మీ దగ్గరే. నేను మిమ్మల్ని ఏమీ అనటం లేదు" అన్నాడు హర్జోనో.

మాట అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ పక్కన కిటికీ దగ్గర బు విరాత్మి నిలబడి ఉంది. ట్రైనింగు వాళ్ళకి కంప్యూటరు మీద గణితం టైపు చేయడం నేర్పేది ఆవిడే. పరీక్ష కాగితం తయారు చేసిందీ ఆవిడే.

"ఆ నూనె మరక చూశారా సార్?" అంది. "ఈయన భార్య గేటు దగ్గర టెంపే బజ్జీలు అమ్ముతుంది. పొట్లాలు ఏ కాగితాలతో కడుతుందో కాలేజీలో అందరికీ తెలుసు."

వగిరాన్ మామూలుగానే మాట్లాడడు. మాట్లాడకపోతే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందని ఆ రోజే మొదటిసారి తోచింది.

"రేపు జుమా నమాజు లోగా ఇది ఎలా బయటికి పోయిందో తేలాలి పాక్" అన్నాడు హర్జోనో. "తేలకపోతే తాళంచెవి ఇంకొకళ్ళకి ఇస్తాను. ఆపైన ఊళ్ళో మిమ్మల్ని ఎవరేమంటారో నా చేతిలో లేదు."

వగిరాన్ తల వంచాడు. వంచిన తల కింద మడతల కాగితం కనపడింది. పదకొండో లెక్కలో 2 ఉంది, కామా ఉంది, పక్కన చిన్న సందు, తరవాత 5. పదిహేడో లెక్కలోనూ అలాంటి సందే.

అది చెత్తబుట్ట కాగితం. కాలేజీలో చెత్తబుట్ట కాగితాలు ఇంటికి పట్టుకుపోయేవాడు అతనొక్కడే.

పైకి చెప్పకుండా బయటికి వచ్చేశాడు.

వగిరాన్ బడికి వెళ్ళింది మూడేళ్ళు. నాలుగో ఏడు బంగాళాదుంపల తోటలో గడిచింది. అంకెలు వచ్చు, అక్షరాలు కూడబలుక్కుంటాడు, అంతే. కానీ గది గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని పాఠాలు విన్నంతగా ఆ కాలేజీలో ఎవరూ వినలేదు.

ఏటా ఇరవై నలుగురు వస్తారు. సుద్దముక్క ఇస్తే బోర్డు నిండా ఎంత పెద్ద లెక్కనైనా నీళ్ళు తాగినట్టు చేసేస్తారు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మూడింట రెండు టైపు చెయ్యమంటే చెమటలు పడతాయి. ముందు ఏటవాలు గీత కొట్టాలి, తరవాత భిన్నం అని దానికి తెలిసే మాట కొట్టాలి, తరవాత పైన ఉండేది ఒక జత ఫ్లవర్ బ్రాకెట్లలో, కింద ఉండేది ఇంకో జతలో. ఒక్క బ్రాకెట్ మూయడం మరిచిపోతే పేజీ మొత్తం అలిగి కూర్చుంటుంది.

"బూ, నా భిన్నం తలకిందులైపోయింది" అంటాడు ఒకడు.

"ముందు నీ తల సరిగ్గా ఉందేమో చూసుకో" అంటుంది బు విరాత్మి.

"బూ, నాకు వర్గమూలం రావట్లేదు, దాని గొడుగు ఒక్కటే వస్తోంది" అంటుంది ఇంకొకతె.

"గొడుగు కింద ఎవర్నీ నిలబెట్టకపోతే ఒక్కటే వస్తుంది మరి."

అలా నవ్వులాటగా మొదలయ్యే పాఠం కామా దగ్గరికి వచ్చేసరికి గట్టిపడేది. ఆ ముక్క వగిరాన్‌కి కంఠతా వచ్చు. "రెండున్నరని మనం 2,5 అని రాస్తాం. ఈ ప్రోగ్రాం చేసిన దేశంవాళ్ళు అక్కడ చుక్క పెడతారు, కామా పెట్టరు. అందుకని కామా కనపడితే ఇవి రెండు వేరు వేరు అంకెలని దీనికి అనుమానం. మధ్యలో సందు వదుల్తుంది. బళ్ళో పిల్లలు రెండున్నర అని చదవరు. రెండూ, అయిదూ అని చదివి లెక్క తప్పుతారు. కామాని ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టండి. అప్పుడు నోరు మూసుకుంటుంది."

ప్రతి పాఠంలోనూ చెప్పేది. ప్రతి పాఠంలోనూ ఎవరో ఒకరు మరిచిపోయేవారు. ప్రింటరు లోంచి వచ్చిన కాగితం ఆవిడ వెలుతురుకి పట్టుకుని చూసేది. సందు కనపడితే బుట్టలోకి. కనపడకపోతే బల్ల మీదికి. కొన్నేళ్ళకి ఆ పని వగిరానే చేయడం మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. లెక్క అతనికి అర్థం కాదు. సందు మాత్రం గది అవతలి నుంచి కూడా కనపడుతుంది.

బుట్ట నిండితే ఇంటికి తీసుకుపోయేవాడు. భార్య తుమీరా వాటితో పొట్లాలు కట్టేది. అది పాత ప్రిన్సిపాలు ఇచ్చిన అనుమతి. కొత్తాయన కాదనలేదు.

గది బయట చెప్పులు వరసగా ఉన్నాయి. లోపలికి ఎవరైనా వట్టికాళ్ళతోనే వెళ్ళాలి. ఎవరి జత ఏదో వగిరాన్‌కి మొహాల కంటే బాగా తెలుసు. ఆ రోజు చెప్పుల్ని చూస్తూ నిలబడ్డాడు. మడమ అరిగినవి, తడి ఆరనివి, కొత్తవి. ఈ కొత్తవి ఎప్పుడు కొన్నారు? ఎక్కడి డబ్బు? ఇన్నాళ్ళూ ఆ ఊహ రాలేదు. ఇప్పుడు ఒక్కొక్క జత దగ్గరా ఆగింది.

నీలం పట్టీ చెప్పుల దగ్గర ఎక్కువసేపు ఆగింది. అవి లింతాంగ్ అనే అమ్మాయివి. కిందటి వారం రెండు సార్లు అందరూ మధ్యాహ్నం నమాజుకి వెళ్ళినప్పుడు వచ్చి, "తాతా, ఒక్క అరగంట తెరిచి పెట్టండి. ఎవరికీ చెప్పొద్దు" అంది. తెరిచాడు. రిజిస్టరులో రాయలేదు. బయటికి వచ్చేటప్పుడు సంచీలో ఏదో దోపుకుంటూ వచ్చింది.

అప్పుడే ఆ అమ్మాయి గుమ్మం దాటి వచ్చి చెప్పుల కోసం వంగింది.

"టీ తాగారా తాతా?"

వగిరాన్ ఆమె సంచీ వంక చూశాడు.

"నా సంచీలో ఏముందని అంత చూపు?"

"ఏం లేదు."

"ఉడకబెట్టిన చిలగడదుంపలున్నాయి. ఒకటి కావాలా?"

వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. "ఒసే లింతాంగ్, తాతకి దుంప ఆశ పెడితే గది రాసిస్తారనుకున్నావా" అన్నాడు ఒకడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు కాస్త పెద్దదిగా లేదూ అనిపించింది వగిరాన్‌కి. తప్పు చేసిన వాళ్ళు అలాగే నవ్వుతారేమో. తప్పు చేయని వాళ్ళు ఎలా నవ్వుతారో ఆ రోజు గుర్తు రాలేదు.

ప్రిన్సిపాలు గది ఎదురుగానే ఉంది. ఆ పేరొక్కటి చెబితే చాలు. తాళంచెవి మళ్ళీ నడుముకి వస్తుంది. రెండడుగులు వేశాడు కూడా. తరవాత, చూసిందేమిటి నేను, అనుకుని ఆగాడు. సందున్న కాగితం చూశాడు. సందున్న కాగితాలు పోయేది తన ఇంటికి. ముందు ఇల్లు చూసుకోవాలి.

గేటు దగ్గర మంచు దిగుతోంది. తుమీరా మూకుడు ముందు కూర్చుని పులియబెట్టి గట్టిపరిచిన సోయాగింజల టెంపే ముక్కల్ని పిండిలో ముంచి నూనెలోకి జారవిడుస్తోంది. వగిరాన్ బెంచీ కింద నుంచి పొట్లాల కట్ట లాగి, నేల మీద కూర్చుని, ఒక్కొక్క కాగితం తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏంటది? నాకేమన్నా పరీక్ష పెడుతున్నావా?"

అతను ఇంకో కాగితం తిప్పాడు.

"మొత్తం నూటముప్ఫై ఉంటాయి. నేనే చెప్పానుగా, లెక్కెందుకు?"

"లెక్క కాదు. పరీక్ష కాగితం బయటికి పోయింది. నూనె మరక ఉంది."

తుమీరా జల్లిగంటె పక్కన పెట్టింది. కొంచెంసేపు అతని మొహం చూసింది. "నా నూనె అన్నమాట."

"అనలేదు."

"ఆవిడ అంది. నువ్వు విని ఇక్కడికొచ్చి కట్ట విప్పావు. ముప్ఫై ఏళ్ళు కాపరం చేశాను, నీ నోట్లోంచి ఏడాదికో మాట. మాటలు రాని మనిషివి, అనుమానం మాత్రం బాగానే వచ్చింది."

వగిరాన్ చేతులు ఆగలేదు. ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క లెక్కే ఉంది. ఒకటి పాతికసార్లు, ఒకటి పదిసార్లు, ఎవరికి ఎన్నిసార్లు తప్పితే అన్ని. ట్రైనింగు వాళ్ళు ఇరవై నలుగురికీ తలా ఒక లెక్క ఇచ్చి టైపు చేయించింది బు విరాత్మి. ఇరవై అయిదోది ఆవిడే చేసుకుంది. ఇరవై అయిదూ ఒకే కాగితం మీదున్నది కట్టలో ఒక్కటీ లేదు.

"సోమవారం తెచ్చినవేవి?" అన్నాడు.

"సోమవారం నువ్వేం తెచ్చావు? బుట్ట ఖాళీగా ఉందన్నావుగా. ఆ రోజంతా అరిటాకుల్లో కట్టాను. కావాలంటే ఆకులమ్మిన ముసలమ్మని కూడా అనుమానించు, ఆ మూల కూర్చుంది."

అతని చేతులు ఆగాయి.

సోమవారం బుట్ట ఖాళీ. నిజమే. ఆ రోజు ప్రింటరు దగ్గర తనే నిలబడ్డాడు. వచ్చిన ప్రతి కాగితమూ శుభ్రంగా వచ్చింది. ఒక్క సందు లేదు, ఒక్కటీ బుట్టలో పడలేదు. ఆ గదిలో ఇరవై అయిదు లెక్కలూ కలిపి అచ్చయింది ఆ ఒక్క రోజే. అంతకు ముందు ఆ కాగితం ఆ గదిలో లేనే లేదు, లింతాంగ్ దొంగిలించడానికి కూడా.

అలాంటప్పుడు ఆ సందున్న కాగితం ఏ బుట్టలోది?

తుమీరా ఒక బజ్జీ ఆకులో పెట్టి అతని ముందు పెట్టింది. అతని వంక చూడకుండానే పెట్టింది. "తిను. విషం కలిపానేమో చూసుకుని తిను."

తిన్నాడు. కట్ట మళ్ళీ కట్టి, అంచులు సరిచేసి, బెంచీ కింద పెట్టాడు. క్షమించమనడానికి అతనికి చేతనైంది అంతే. ఆమెకి అది తెలుసు. అయినా ఆ సాయంత్రం మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున అతను వెళ్ళేసరికి ప్రిన్సిపాలు గదిలో బు విరాత్మి ముందే ఉంది. ట్రైనింగు వాళ్ళ పెన్‌డ్రైవ్‌లన్నీ ఒక పళ్ళెంలో తెచ్చి పెట్టింది. ఒక్కొక్క దానికీ నంబరు చీటీ అతికించి ఉంది. ఆవిడ ఎవరినీ నమ్మే మనిషి కాదు.

"తేలిందా పాక్?" అన్నాడు హర్జోనో.

"ఆ కాగితాలు రెండూ ఒకసారి చూపించండి."

"చదువుతారా?"

"చదవను. చూస్తాను."

హర్జోనో రెండూ పక్కపక్కన పెట్టాడు. వగిరాన్ పదకొండో లెక్క మీద వేలు పెట్టాడు. "దీంట్లో సందుంది. దీంట్లో లేదు." వేలు కిందికి జరిపాడు. "పదిహేడులో కూడా."

హర్జోనో కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆయన ఒకప్పుడు చెప్పింది చరిత్ర పాఠాలు, లెక్కలు కాదు. "అవును, ఉంది. ఉంటే ఏమైంది?"

"బూ చెప్తారు."

బు విరాత్మి వచ్చి వంగి చూసింది. వెంటనే అంది, "మడత పడితే అలా కనపడుతుంది సార్. పైగా ఫోటోకాపీ తీసిన కాగితం, కాపీలో అక్షరాలు ఒక్కోసారి..." అంటూ ఆగింది. కాపీలో అక్షరాలు మసకబారతాయి గానీ రెండు లెక్కల్లో రెండు కామాల పక్కనే కొలిచినట్టు సందు పుట్టదని ఆవిడ కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ జిల్లాలో లేరు.

వగిరాన్ ఆవిడ మొహం చూస్తున్నాడు. పందొమ్మిదేళ్ళలో అలా చూడటం అదే మొదలు. ఈవిడ చెబుతుందా, మింగేస్తుందా అని చూశాడు. మింగేస్తే తన దగ్గర ఇంకేమీ లేదు.

"సోమవారం బుట్ట ఖాళీ బూ" అన్నాడు. "గదిలో చెడ్డ కాగితం పుట్టలేదు. మీరు ఇంకెక్కడన్నా అచ్చు వేశారా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. పళ్ళెంలో పెన్‌డ్రైవ్‌లని చూస్తూ ఉండిపోయింది. హర్జోనో కళ్ళజోడు తీసి, ఒకసారి ఆవిడ వంకా ఒకసారి వగిరాన్ వంకా చూశాడు. ఆ చూపు గురువారం నాడు తన మీద ఎలా పడిందో వగిరాన్‌కి గుర్తుంది. ఇప్పుడది పక్కకి తిరిగింది.

"పోయిన శుక్రవారం లెక్కలన్నీ ఒకచోట చేర్చి ఇంటికి తీసుకెళ్ళాను" అంది చివరికి. "స్క్రీను మీద తప్పులు దొరకవు, కాగితం మీద చూడాలి. ఇంట్లో ప్రింటరులో ఇంకు అయిపోయింది. శనివారం మార్కెట్ పక్కన ఫోటోకాపీ కొట్టుకి వెళ్ళాను. ఒక్క కాపీ తీయించాను. ఆ కాగితం మీదే ఈ రెండు కామాలూ పట్టుకున్నాను. ఆదివారం సరిచేశాను."

"కాపీ ఏం చేశారు?"

"చింపి పొయ్యిలో వేశాను. కాగితం ఒక్కటే వేశాను." ఆవిడ గొంతు తగ్గింది. "కొట్టులో పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా అచ్చు వేయరు సార్. ముందు తమ కంప్యూటరులోకి లాక్కుంటారు. అందరికీ అలాగే చేస్తారు. అందరమూ అలాగే ఇస్తాం. తుడిచెయ్యమని నేను అడగలేదు. వెనక పదిమంది నిలబడ్డారు, నాకు కాగితం చూసుకోవాలన్న తొందర."

బయటి నుంచి టెంపే బజ్జీల వాసన వచ్చింది.

"ఇరవై నాలుగు పెన్‌డ్రైవ్‌లకి నంబర్లు వేశాను" అంది. "నాదానికి వేయలేదు."

హర్జోనో చాలాసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టాడు. ఆ కాగితం పనికిరాదు, సోమవారానికి కొత్తది కావాలి, రెండు రోజులే ఉన్నాయి అన్నాడు. కొట్టు సంగతి తను చూస్తానన్నాడు. తరవాత తాళంచెవిని వేలితో వగిరాన్ వైపు జరిపాడు.

వగిరాన్ తీసుకోలేదు. అలాగే నిలబడ్డాడు.

బు విరాత్మికి అర్థమయింది. లేచి తాళంచెవి తీసి, కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి మోచేతికి ఆనించి, పెద్దవాళ్ళకి ఇచ్చేటప్పుడు ఇచ్చినట్టు ఇచ్చింది.

"తప్పు నాది పాక్. మీ ఇంటావిడతో నేను చెప్తాను."

"చెప్పండి" అన్నాడు వగిరాన్. "నేను చెబితే నమ్మదు."

శనివారం సెలవైనా గుమ్మం ముందు ఇరవై నాలుగు జతల చెప్పులూ ఉన్నాయి. కొత్త లెక్కలు ఇరవై అయిదు. పొద్దున్నుంచీ టకటకమని ఒకటే చప్పుడు. ప్రింటరు దగ్గర మీరుండండి పాక్ అని బు విరాత్మి ఈసారి నోటితో చెప్పింది.

లింతాంగ్ కాగితం వచ్చింది. వగిరాన్ చూసి, బుట్టలో వేయకుండా ఆమె దగ్గరికి తీసుకెళ్ళాడు.

"సందు."

"ఎక్కడ తాతా? అబ్బా, మళ్ళీనా." ఆమె తల పట్టుకుంది. "అందుకే మధ్యాహ్నాలు వచ్చి ఒక్కదాన్నే టైపు కొట్టుకునేదాన్ని. అందరిలో నేనే నెమ్మది. చెడిపోయిన కాగితాలు ఎవరూ చూడకుండా సంచీలో కుక్కుకుని ఇంటికి పట్టుకుపోయేదాన్ని. ఎవరికీ చెప్పలేదుగా మీరు?"

"లేదు" అన్నాడు.

ఆమె పేరు ఎంత దగ్గరగా నాలుక మీదికి వచ్చిందో మాత్రం చెప్పలేదు. ఆమె చిలగడదుంప ఇస్తే తీసుకున్నాడు. అది గొంతు దిగడానికి రెండు గ్లాసుల నీళ్ళు పట్టింది.

మూడింటికల్లా పద్నాలుగు కవర్లు సీలు వేశారు. ఇదివరకు ఆవిడ కట్ట చేతికిస్తే వగిరాన్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఎదురుగా లెక్కపెట్టుకోవడం ఇచ్చినవాళ్ళకి అవమానమని అతని లెక్క.

"ఆగండి బూ" అన్నాడు. "నా ముందు మళ్ళీ లెక్కపెట్టండి."

ఆవిడ ఒక క్షణం అతన్ని చూసింది. ఏదో అనబోయి, కూర్చుని లెక్కపెట్టింది. పద్నాలుగు. తరవాత అతను వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. పద్నాలుగు. తాళం వేశాడు.

బుట్టలో ఆరు కాగితాలున్నాయి. ఆవిడ వాటి వంక చూసింది. ఆవిడ చూడటం అతను చూశాడు.

"తగలబెడదాం" అన్నాడు.

గది వెనక సిమెంటు గట్టు మీద అగ్గిపుల్ల గీశాడు. మంచుకి చెమ్మగిలిన కాగితాలు నెమ్మదిగా అంటుకున్నాయి. ఆవిడ వెళ్ళిపోవచ్చు, పుస్తకాలు సర్దుకోవాల్సి ఉంది. అతనూ వెళ్ళి తలుపులు వేసుకోవచ్చు. ఇద్దరూ కదల్లేదు. చివరి ముక్క మీద ఒక 7, పక్కన కామా, పక్కన సందు ఎర్రగా కనపడి నల్లబడ్డాయి. ఆవిడ చెప్పు మడమతో ఆ బూడిద నలిపింది. అతను వంగి కర్రపుల్లతో ఇంకోసారి కదిపి చూశాడు.